ఎర్ర రంగు కింద

"ఆ బండి మెడ దగ్గర గీకకుండా వదిలెయ్ అన్నయ్యా, పైన రంగేస్తే సరిపోతుంది," అన్నాడు తమ్ముడు, కుంటికాలు చాపుకుంటూ.

"సగంలో వదలడం మన ఇంటా వంటా లేదు," అన్నాడు వెల్డింగ్ పని చేసే అన్న.

పొద్దున్నుంచీ గుట్టల మీద దూకించే పాత డర్ట్ బైక్ ఫ్రేమ్ గీకి గీకి అతని చేతులు పడిపోతున్నాయి. ఈ బండి మీంచి పడే తమ్ముడి కాలు విరిగింది. "నీ దూకుడే నీ కొంప ముంచింది" అని పన్నెండేళ్లుగా దెప్పుతూనే ఉన్నాడు.

మెడ దగ్గర ఎర్ర రంగు ఊడి, పని నేర్చుకునే రోజుల్లో తను వేసిన అతుకు బయటపడింది. అది అడ్డంగా పగిలి ఉంది. పగులు కనపడకుండా నిండా పూసిన లప్పం.

"ఈ లప్పం పెట్టిందెవర్రా?"

"నేనే. ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే, కట్టుకాలుతో."

"అంటే, నా అతుకు విరిగే పడ్డావా? చెప్పలేదేం?"

"చెబితే నువ్వింక వెల్డింగ్ జోలికి పోవని."