ఖజానా వాళ్లు వచ్చిన రోజు

మూడో రోజు మధ్యాహ్నానికి ఖజానా నుంచి వచ్చిన తనిఖీ అధికారికి విషయం తేటతెల్లమైపోయింది. ఈ బ్యాంకు చేతిలో ప్రభుత్వ సొమ్ము పెట్టకూడదు.

ఊరి పన్నులు, బడుల జీతాలు, ఆసుపత్రి నిధులు తమ దగ్గర ఉంచుకోవడానికి అనుమతి ఇమ్మని బ్యాంకు దరఖాస్తు పెట్టుకుంది. అలా ఉంచుకోవాలంటే అంతకు సరిపడా బాండ్లు హామీగా చూపించాలి. చూపించారు. నిగనిగలాడే కాగితాలు. తీరా ఆరా తీస్తే అవే బాండ్లు అప్పటికే వేరే రెండు చోట్ల తాకట్టులో ఉన్నాయి. తవ్వినకొద్దీ లోపలంతా డొల్ల.

ఫోన్లో పైఅధికారి గొంతు తగ్గించి చెప్పాడు. "రేపు పొద్దున్నే తాళాలు వేయిస్తున్నాం. అప్పటిదాకా నోరు మెదపకు. ఒక్క మాట పొక్కిందంటే జనం ఎగబడతారు. నీ ఉద్యోగం పోవడమే కాదు, జైలుకి పోతావు."

"బయట కౌంటర్లో ఇంకా డిపాజిట్లు తీసుకుంటున్నారు సార్."

"తెలుసు," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఫైలు చంకలో పెట్టుకుని అతను హాల్లోకి వచ్చాడు. మేనేజరు వెంటే ఉన్నాడు. మూడు రోజులుగా ఫోను గదిలో తప్ప ఎక్కడా అతన్ని ఒంటరిగా వదల్లేదు.

హాలు కిటకిటలాడుతోంది. ఖజానా వాళ్లు వచ్చారట, ఇక సర్కారే తన సొమ్ము ఇక్కడ దాచుకుంటుందట అని ఊరంతా పాకిపోయింది. మొన్నటిదాకా ఈగలు తోలుకున్న గుమాస్తాకు ఇవాళ తలెత్తే తీరిక లేదు.

వరసలో అందరికన్నా ముందున్న పెద్దావిడను చూడగానే అధికారి కాళ్లు ఆగిపోయాయి. చేతిసంచిని గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. అతన్ని చూసి నోరారా నవ్వింది.

"ఇల్లమ్మిన డబ్బంతా పట్టుకొచ్చేశాను నాయనా. ఐదేళ్లకి వేసేస్తున్నా."

"తొందరేముందమ్మా," అన్నాడు మెల్లగా. "నాలుగు రోజులు ఆగకూడదూ."

"ఏంటీ? గట్టిగా చెప్పు. ఈ చెవులు ఎప్పుడో పోయాయి."

గట్టిగా చెబితే హాలంతా వింటుంది. మేనేజరు ఓ అడుగు దగ్గరికి జరిగాడు. వరసలో మెడలన్నీ ఇటు తిరిగాయి.

"సర్కారే నమ్మి పెడుతోందిగా," అంది ఆవిడ ధీమాగా. "ఇక నాదెంత."

అతను తల అడ్డంగా ఊపాడు. చాలా కొంచెం. ఆవిడ కళ్లకు అది ఆనలేదు. చెయ్యి పట్టుకుని పక్కకి లాగుదామా అనుకున్నాడు. ఆవిడ వెనక యాభై మంది ఉన్నారు. వాళ్లవీ ఇలాంటి సంచులే. ఒక్కరిని లాగితే యాభై మందికీ చెప్పినట్టే. చెయ్యి సగం దాకా లేచి, మళ్లీ ఫైలు మీదే వాలిపోయింది.

"మొహం అలా పీక్కుపోయిందేంటి? పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా?"

అతను చూపు కౌంటర్ వైపు తిప్పుకున్నాడు.

గుమాస్తా సంచి అందుకున్నాడు. కాసేపటికి రసీదు మీద ముద్ర టక్కున పడింది.

"ఇంకొక్కటి రాయాలమ్మా," అన్నాడు గుమాస్తా కలం ఎత్తి పట్టుకుని. "మీ తర్వాత ఈ డబ్బు ఎవరికి చెందాలి?"

ఆవిడ వెనక్కి తిరిగి, కొయ్యబారి నిలబడ్డ తనిఖీ అధికారిని గడ్డంతో చూపిస్తూ, "ఇంకెవరికి, అదిగో, మా అబ్బాయికే," అంది.