కోటిబాబు కట్టుడు పళ్ళు

కోటిబాబు తన పళ్ళన్నీ పీకించుకోవాలని నిర్ణయించుకున్నాడు. నిజానికి ఒక్క పన్ను కూడా పుచ్చలేదు. కానీ జైలు కూడు తినడం కంటే కట్టుడు పళ్ళతో ఇంటి కూడు తినడం నయమనిపించింది.

బాపట్లలో ఉండే మేనత్త శేషమ్మ ఎవరిదో పెళ్ళికి వెళ్ళిన రోజు, ఆమె బీరువాలోంచి కాసులపేరు కొట్టేసింది అతడే. తాళంచెవి ఎక్కడుంటుందో తెలిసిన మేనల్లుడు కాబట్టి పని సాఫీగా జరిగిపోయింది. వెళ్తూ వెళ్తూ పెరట్లో ఓ దోర జామకాయ కోసుకుని, రెండుసార్లు కొరికి ఎటో విసిరేశాడు.

మర్నాడు రేపల్లె నుంచి పరుగున వచ్చి అత్తను అందరికంటే ఎక్కువగా ఓదార్చాడు. "పనిమనిషి సరోజ మీద ఓ కన్నెయ్యత్తా" అని చెవిలో కూడా వేశాడు. పోలీసులు సరోజను స్టేషన్‌కు తీసుకెళ్ళారు. ఆమె ఏడుస్తూ జీపెక్కుతుంటే, కోటిబాబు జాలిగా చూస్తూ టీ తాగాడు.

ఆ తర్వాత శేషమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసింది.

"పెరట్లో కొరికి పడేసిన జామకాయ దొరికిందిరా కోటీ! ఎస్సైగారు ఫ్రిజ్‌లో పెట్టించారు. సరోజ పళ్ళు కలవలేదంట. ఇక మన ఇంటికొచ్చిపోయే వాళ్ళందరివీ చూస్తారంట."

కోటిబాబు నాలుక ముందు పళ్ళ మధ్యకు పోయింది. అక్కడ ఊరంతటికీ తెలిసిన సందు ఉంది.

ఇంట్లో చిగుళ్ళ జబ్బని చెప్పి తెనాలి రైలెక్కాడు. మొదటి డాక్టరు కుదరదన్నాడు. రెండో డాక్టరు తిట్టి పంపించాడు. మూడో ఆయన మాత్రం రోగి మాట కాదనలేని దయామయుడు.

"గట్టి పళ్ళండీ ఇవి. ఇంతకీ ఏ పన్ను నొప్పి?"

"అన్నీనండి."

"అన్నీనా?"

"వంతులేసుకుని నొస్తున్నాయండి."

విడతలు విడతలుగా పీకారు. నోట్లో దూది కుక్కుకుని రైల్లో ఇంటికొచ్చేవాడు. భార్య సుమ మాంసం కూర వండి, వాసన అతడికి వదిలేసి, రాగిజావ చేతికిచ్చేది. అద్దంలో బుగ్గలు లోపలికిపోయిన ముసలాణ్ణి చూసి ఓ రోజు నిజంగానే ఏడ్చాడు. కాసులపేరు గుర్తొచ్చి మళ్ళీ ధైర్యం తెచ్చుకున్నాడు.

చిగుళ్ళు ఆరాక అచ్చు తీసుకున్నారు.

"పాత పళ్ళలాగే ముందు సందు ఉంచమంటారా?" అడిగాడు డాక్టరు.

"వద్దొద్దు!" అని కుర్చీలోంచి లేచినంత పని చేశాడు కోటిబాబు.

కొత్త పళ్ళు ఎవరిదో చెప్పు నోట్లో పెట్టుకున్నట్టున్నాయి. 'స' అంటే ఈల వస్తోంది. అయితేనేం, పలువరుస ముత్యాల్లా ఉంది. నేరం చేయని నోరు అది.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి వరండాలో శేషమ్మ కూర్చుని ఉంది. పక్కనే ఎస్సై.

కోటిబాబు బెదరలేదు. నోరు బారెడు తెరిచాడు.

"రండి సార్, రండి! నా పంటి గుర్తులు కూడా తీసుకోండి. చుట్టమని వదిలేయకండి."

'సార్' దగ్గర ఈల గట్టిగానే వచ్చింది.

"అక్కర్లేదండి" అన్నాడు ఎస్సై. "మీ చుట్టాలందరూ వచ్చి, ఉన్న పళ్ళు చూపించి వెళ్ళారు. పీకించుకున్నది మీరొక్కరే."

"చిగుళ్ళ జబ్బండి! జామకాయ మీద గుర్తులున్నాయిగా, పోల్చి చూసుకోండి!"

శేషమ్మ మేనల్లుడి కొత్త పలువరుసను కాసేపు తేరిపార చూసింది.

"ఎస్సైగారికి ఆ జామకాయ కొరికిచ్చింది నేనురా కోటీ. ఏంటి, నువ్వూ ఒకటి కొరికావా?"