రామతీర్థమని చెప్పి

“పేరు గట్టిగా పిలవద్దని సెప్పేనా లేదా?” అన్నాడు జగన్నాధం గొంతు తగ్గించి.

చీటీలు చూసి రోగుల పేర్లు పిలిచే దేముడమ్మ నవ్వింది. “ఇక్కడికొచ్చినోల్లందరిదీ అదే మాట, బాబూ. లోనికి పదండి.”

విజయనగరంలోని ఆ మానసిక వైద్యశాల వరండాలో ఆయన రెండు గంటలుగా ముఖానికి తువ్వాలు అడ్డుపెట్టుకుని కూర్చున్నాడు. బొబ్బిలి దగ్గర పల్లెలో నలుగురి తగవులు తీర్చే మనిషి. భార్యకు పిచ్చి అన్న మాట పొక్కితే ఇక తన అరుగు ఎవరెక్కుతారు? అందుకే పొద్దున బస్సులో “ఏటి బావా, ఇద్దరూ బయల్దేరేరు?” అని ఊరివాడు నూకయ్య అడిగితే, “రామతీర్థం” అన్నాడు. సాయంత్రానికి ప్రసాదమంటూ ఏవో లడ్డూలు కొనాలి. అబద్ధానికి దేవుణ్ణి తోడు తెచ్చుకున్నందుకు సిగ్గేసింది. పక్కనే కూర్చున్న భార్యను చూసి సిగ్గుపడుతున్నందుకు అంతకన్నా సిగ్గేసింది.

డాక్టర్ సుహాసిని వయసులో చిన్నది. కాగితం మీద ‘తవిటమ్మ’ అని రాసి తలెత్తింది. “ఏమవుతోందమ్మా?”

తవిటమ్మ నేలచూపులు వదల్లేదు. జగన్నాధమే అందుకున్నాడు.

“మూడు నెల్లనించి సెవిలో మాటలు ఇనిపిస్తన్నాయంట. ‘నీవల్ల నీ పెనిమిటి పోతాడు’ అంటాదంట ఎవుత్తో. పురుగుమందు డబ్బా పెరట్లో పాతేసింది. నాను నూతికాడికెల్తే ఎనకే వస్తాది. పడుకున్నప్పుడు కొంగు నా సేతికి ముడేస్తాది, డాక్టరమ్మా! ఊరోల్లు సూస్తే నవ్వరా?”

సుహాసిని నవ్వలేదు. “మాటలు వినిపించడం ఒకటి, మనసు ఎంత కుంగిందన్నది ఇంకొకటి. రెండూ ఎప్పుడూ ఒకే తూకంలో ఉండవు. ఏ మాటా వినిపించనివాళ్లు కూడా చాలా లోతుకు దిగిపోయి ఉంటారు. అందుకే దాన్ని విడిగా కొలుస్తాం. కొన్ని ప్రశ్నలు అడుగుతాను. నిద్ర ఎలా ఉంది?”

తవిటమ్మ పెదవి కదిపేలోగా జవాబు వచ్చేసింది. “తెల్లారగట్ట మూడింటికి మెలకువొచ్చేస్తాది. మరి పట్టదు.”

“మీరూ అప్పుడు లేచే ఉంటారా?”

“తోడుండాల గదా.”

“తిండి?”

“మట్టి నమిల్నట్టుంటాది.”

“పనుల మీద ఆసక్తి?”

“గట్టుమీద కూకుంటే లెగబుద్ది కాదు. సేను పచ్చగా ఉన్నా లోపల ఏటీ కదల్దు.”

ప్రశ్నలు ఇంత సులువుగా ఉంటాయని ఆయన అనుకోలేదు. చెప్పేకొద్దీ గుండెలో బరువేదో జారుతోంది. పరాయి మనిషి ముందు అలా తేలికపడటానికీ సిగ్గే.

“తన మీద తనకు ఎలాంటి అభిప్రాయం?”

“ఎందుకూ పనికిరామని. నలుగురూ ఒక మంచి మాటంటే, అది దొంగిలించినట్టుంటాది.”

“చచ్చిపోవాలనిపిస్తుందా?”

జగన్నాధం తువ్వాలు మడత విప్పి, మళ్లీ మడిచాడు.

“రోజూ,” అన్నాడు.

సుహాసిని ఒక్కో జవాబుకూ వేసిన అంకెలు కూడింది. మరోసారి కూడింది. “చాలా తీవ్రంగా ఉంది. ఇవాళే చేర్చుకోవాలి.”

“సేర్చుకుంటే ఊళ్లో తెలిసిపోద్ది గదమ్మా! మందు బిళ్లలిచ్చీండి, నాను సూసుకుంటాను.”

“ప్రాణం కన్నా ఊరు ముఖ్యమా, బాబుగారూ?” ఆమె తవిటమ్మ వైపు తిరిగింది. “మీరు ఒక్క మాటా అనలేదు. ఇప్పటిదాకా ఈయన చెప్పినవన్నీ నిజమేనా అమ్మా?”

తవిటమ్మ అప్పుడు తలెత్తింది. భుజం మీది కొంగు తీసి, డాక్టరు చూస్తుండగానే భర్త మణికట్టుకు ముడివేసింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“అన్నీ నిజాలే, తల్లీ,” అంది.

“ఆ కాయితమ్మీద నా పేరు కొట్టేసి ఈన పేరు రాయి.”