బరువెక్కిన పెడళ్లు

"ఇవి పెడళ్లా, పిల్లల ఉయ్యాలా? కాలు ఆనిస్తే చాలు, చివరిదాకా పోతున్నాయి," అన్నాడు ఆ కొత్త మనిషి.

నౌఫల్‌కి ఒళ్లు మండింది.

స్ఫాక్స్ పట్నం ఓడరేవు పక్క సందులో ఆ సిమ్యులేటర్ గదిని నడుపుతున్నది అతనే. గోడంతా తెర, ముందు విమానం సీటు, కాళ్ల దగ్గర విమానాన్ని పక్కకి తిప్పే పెడళ్లు. కుర్రకారు వచ్చి విమానం నడిపిన సరదా తీర్చుకుని పోతుంటారు. ఇంతవరకూ పెడళ్లకు వంక పెట్టినవాడు లేడు.

"ఆటకి ఇవి చాల్లెండి, హాజీ."

"నేను ఆటకి రాలేదు నాయనా."

ఆ మాట అన్న తీరుకి గదిలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. మనిషికి అరవై దాటి ఉంటాయి. ఎండాకాలంలోనూ నల్ల కోటు. కళ్లు మాత్రం తెర మీది సముద్రాన్ని వదలడం లేదు.

మర్నాడు సంచితో దిగాడు. అందులో డాంపర్లు రెండు. మోటార్ సైకిల్ హ్యాండిల్ అదరకుండా బిగించేవి. చిన్న ఇనుప గొట్టం, లోపల నూనె. మెల్లగా తోస్తే కదులుతుంది, విసురుగా తోస్తే మొరాయిస్తుంది.

"బిగించనిస్తావా? ఏదైనా పాడైతే నాదే పూచీ."

వచ్చిన మనిషిని పోగొట్టుకోవడం ఇష్టంలేక నౌఫల్ సరేనన్నాడు.

ముసలాయన నేల మీద కూలబడి బోల్టులు బిగించాడు. తొక్కి చూశాడు. విప్పాడు. ఇంకాస్త బిగువుగా బిగించాడు.

"అసలు విమానంలో ఇంత బరువుంటాయా, హాజీ?"

"వయసులో ఉన్నప్పుడు నేను నడిపిన దాంట్లో ఉండేవి. గాలి ఎదురు తోస్తుంది కదా. దిగేసరికి పిక్కలు పట్టేసేవి."

ఆనాటి నుంచీ మొదలైంది.

వారం వారం వచ్చేవాడు. రెండు ఇంజన్ల పాత విమానమే కావాలనేవాడు. అది నేల వదిలీ వదలగానే ఎడమ ఇంజన్ తనే ఆపేసేవాడు. విమానం ఎడమకి ఒరిగిపోయేది. కుడి పెడల్‌ని పళ్లు బిగించి తొక్కేవాడు. మెడ నరాలు ఉబ్బేవి. కాలు చివరిదాకా చేరేలోపే విమానం తిరగబడి సముద్రంలో పడేది.

తెర నల్లబడేది.

"మళ్లీ," అనేవాడు.

"ఏంటన్నా ఈయన? చావుకి రిహార్సల్ వేసుకుంటున్నాడా?" అన్నాడు పక్క చేపల కొట్టు మురాద్. "కూలిన ప్రతిసారీ అంతే అంతే అన్నట్టు తల ఊపుతున్నాడు. నాకైతే వెన్నులో చలి పుడుతోంది. తరిమెయ్యి."

కుర్రాళ్లు రావడం తగ్గించారు.

ఓ మధ్యాహ్నం ఉండబట్టలేక ఆయన సీటు వెనక నిలబడి చూశాడు.

తెర మీద రన్‌వే స్ఫాక్స్‌దే. గాలి సముద్రం వైపు నుంచి. విమానం నిండా బరువు.

నౌఫల్ గుండె ఆగినంత పనైంది.

అది పైలట్‌గా తన అన్న అనీస్ ఆఖరి ప్రయాణం. నిరుడు చమురు బావుల పనివాళ్లని ఎక్కించుకుని లేచిన విమానం ఎడమ ఇంజన్ ఆగి సముద్రంలో కూలింది. ఒక్కరూ బతకలేదు. వేళకి కుడి పెడల్ తొక్కి ఉంటే అందరూ బతికేవారు, తప్పు పైలట్‌దే అన్నారు విచారణ జరిపినవాళ్లు. ఆనాటి నుంచీ తల్లి గడప దాటలేదు. ఆఖరిసారి బజారుకి వెళ్లినప్పుడు ఆమెని చూసి ఎవరో "మన పిల్లల్ని ముంచినవాడి తల్లి" అన్నారు.

"లే! లేవయ్యా పైకి!" నౌఫల్ ఆయన కోటు పట్టుకు లాగాడు. "మా అన్న చావు నీకు తమాషాగా ఉందా?"

"నువ్వు అనీస్ తమ్ముడివని తెలిసే వచ్చాను నాయనా. ఇంకొక్కసారి తొక్కనీ. అంతా చెబుతాను."

"ఏ పేపరువాడివి నువ్వు? మా అమ్మని ఇంకా ఎంత ఏడిపిస్తారు?"

"ఒక్కసారి..."

నౌఫల్ వినలేదు. సందులోకి నెట్టేశాడు. డాంపర్లు పీకి ఆయన కాళ్ల ముందు విసిరాడు. ముసలాయన వంగి వాటిని ఏరుకున్నాడు. అంటిన మట్టిని చేతిరుమాలుతో తుడిచి వెళ్లిపోయాడు.

"పీడ వదిలింది," అన్నాడు మురాద్.

చలికాలం వచ్చింది.

ఒక ఉదయం రేడియోలో వార్త. అదే రకం విమానంలో పెడళ్లు తొక్కించి మళ్లీ విచారణ జరిపారట. ఆ బరువుకి ఎంతటివాడి కాలైనా వేళకి చివరిదాకా చేరదట. అనీస్ తొక్కింది కుడి పెడలేనట. పైలట్ తప్పు లేదట.

తల్లి వీధి తలుపు బార్లా తెరిచింది. పెద్ద గిన్నెలో గోధుమ రవ్వ కుస్‌కుస్ వండి ఇంటింటికీ తనే మోసుకెళ్లింది.

ఆ వారమే సిమ్యులేటర్ గదికి ఒకామె వచ్చింది.

"మా నాన్న ఇక్కడికి వచ్చేవారు. నల్ల కోటు... ఆయన కూర్చున్న సీటు ఒక్కసారి చూడొచ్చా?"

నౌఫల్ ముఖం పాలిపోయింది. "ఆయనేరీ?"

"పోయిన నెల గుండెపోటుతో పోయారు. ఇక్కడ తేలింది పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. లోపలికి రానివ్వకపోతే మెట్ల మీదే కూర్చునేవారు. ఆ పైలట్ తప్పు లేదు, నిజం విమానంలో తొక్కి చూడండి అని వచ్చేపోయేవాళ్లని బతిమాలేవారు. చివరికి తొక్కి చూశారు. అది వినడానికి ఆయనే లేరు."

నౌఫల్ ఆమెని సీటు దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ అడిగాడు.

"మా అన్న ఆయనకి ఏమవుతాడని ఇంత చేశారమ్మా?"

"ఏమీ కాడు. ముఖం కూడా ఎరగరు," అందామె సీటు మీద చెయ్యి వేసి. "ఆ రోజు మీ అన్న వెనక సీట్లో కూర్చున్నది మా తమ్ముడు."