రెండంగుళాల ఎత్తు

పదో బంతి కూడా రింగు ముందంచుకు తగిలి, తిరిగి ఆమె చేతుల్లోకే వచ్చింది.

నిచ్చెన మీద కూర్చుని లైట్ల తీగలు సర్దుతున్న హన్మాండ్లు నవ్విన నవ్వుకు నిచ్చెన నాలుగు కాళ్లూ చిందులేశాయి.

"పదికి పది తప్పినయ్ బిడ్డా! గిట్ల తప్పనీకి గూడ శాన నేర్పు గావాలె."

సౌదీలోని యాన్బులో ఆ కొత్త ఆటల హాలు తెరిచేది ఆ రోజే. సాయంత్రం ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ ఫైనల్. యాన్బుకూ తబూక్‌కూ పోటీ.

మధ్యాహ్నం బయట బల్లులు కూడా చెప్పులు అడిగేంత ఎండ. పనివాళ్లంతా అన్నాలకు పోయారు.

వదులు చొక్కా, తలకు గుడ్డ, మోకాలికి పట్టీ. కాస్త కుంటుతూ వచ్చిన ఆ పొడుగు మనిషిని చూసి, నేల తుడిచే కంపెనీ పంపిన మనిషే అనుకున్నాడు హన్మాండ్లు. ఆమె నోట తెలుగు వినేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది.

"మాది రాయచోటి, చిన్నాయనా. పుట్టింది మాత్రం ఈ దేశంలోనే. పేరు ఉమేరా."

"ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్ గీ పని?"

"పదకొండేండ్లు. మోకాళ్లు అరిగిపోయినాయి. ఈ పొద్దుతో మానుకుంటాండా."

"నేల తుడుసుడంటే మాటలా మరి!"

ఆమె పైట అడ్డం పెట్టుకున్నట్టు బంతి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆపి పైకి చూసింది.

"చిన్నాయనా, ఈ రింగు ఎత్తుండాది."

"తప్పినోళ్లందరు గదే అంటరు."

"పది బంతులూ ఒకే చోట తగిలినాయి గదా. తప్పు నాదైతే ఒకటి కుడికి, ఒకటి ఎడమకు పొయ్యుండల్ల."

ఆమె హాలు రెండో కొసకు పోయింది. అక్కడి రింగులోకి వరసగా ఐదు వేసింది. ఐదూ అంచు తాకకుండా వలలోంచి సర్రున జారాయి.

హన్మాండ్లు నవ్వు ఆపి నిచ్చెనను మొదటి రింగు కిందికి జరిపాడు. టేపు తీసి కొలిచాడు.

ఉండాల్సిన పది అడుగుల మీద రెండంగుళాలు ఎక్కువ.

రింగు బిగించిన రోజు, కొత్త చెక్క నేల గీసుకుపోకుండా కింద రబ్బరు పట్టా, దాని మీద ప్లైవుడ్ పలకలు పరిచి ఉన్నాయి. అతను కొలిచింది ఆ పలకల మీది నుంచి. తర్వాత పలకలు తీసేశారు. మళ్లీ కొలిచిన పాపాన ఎవరూ పోలేదు. అతని మాట నమ్మి సూపర్వైజర్ ఫారూఖ్ కాగితం మీద సంతకం కూడా పెట్టేశాడు.

"నా బతుకు ఆగమైనట్టే బిడ్డా. పోయిన నెల ఒక్క బోల్టు వదులైందని మాతోని పనిజేసే రామును ఫారూఖ్ సాబు ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలిండు. నా ఇఖామా, గీడ ఉండే పర్మిట్, గీ నెలలనే రెన్యువల్. ఇంటికాడ మా పిల్ల పుష్ప నర్సింగ్ చదువు సగంల ఉన్నది."

"ఎవురికన్నా తెలుసునా?"

"నీకు, నాకు, గంతే. ఉండనియ్యరాదు? తెలిసినోళ్లు రెండంగుళాలు పైకేసుకుంటరు."

"తెలిసినోళ్లు వేసుకుంటారు. తెలియనోళ్లు ఏం కావల్ల?"

హన్మాండ్లు రింగు వైపూ తలుపు వైపూ మార్చి మార్చి చూశాడు.

"నీ సాబు అన్నం తిని వచ్చే లోపల దించేస్తాం. పానా తీసుకో. నేను పట్టుకుంటా."

నాలుగు బోల్టుల్లో మూడు మాట విన్నాయి. నాలుగోది కొత్తల్లుడిలా బిగుసుకు కూర్చుంది. ఆమె పట్టీ కట్టిన కాలితోనే నిచ్చెన రెండో వైపు ఎక్కి, రింగును రెండు చేతులతో ఎత్తి పట్టింది. దిగమన్నా దిగలేదు. మొత్తానికి బోల్టు కదిలింది, రింగు దిగింది, టేపు సరిగ్గా పది అడుగులు చూపింది.

ఉమేరా ఒక బంతి వేసింది. సర్రున పడింది.

"నేను వచ్చినట్టు ఎవురికీ చెప్పాకు చిన్నాయనా."

"నువ్వు చెప్పకుంటే సాలు తల్లీ! పొద్దుమీకి మ్యాచ్ జూడనీకి రా. పైన జాగ ఆపుత."

"వస్తాలే," అంటూ పక్క తలుపులోంచి వెళ్లిపోయింది.

సాయంత్రం ఏసీ మొరాయించి, మ్యాచ్ మొత్తం హన్మాండ్లును కింద మిషన్ల గదిలోనే కట్టిపడేసింది. గొట్టాల్లోంచి జనం అరుపులు మాత్రం వినిపిస్తున్నాయి. చివరికి ఫారూఖ్ ఫోన్ చేశాడు.

"అరె హన్మాండ్లూ, జల్దీ పైకి రా! ఒక్క పాయింట్ ముందున్నం, నిమిషం గూడ లేదు. మొదటి సగంల, కొసలు మారకముందు, మన పోరిలు నీ రింగుల్నే ముప్పై కొట్టిన్రు భాయ్!"

ఆ మాటకు హన్మాండ్లు ఛాతీ ఎంత ఉబ్బిందంటే, మెట్ల దారిలో పక్కకు తిరిగి ఎక్కాల్సి వచ్చింది.

పైకొచ్చేసరికి ఆరు సెకన్లున్నాయి. బంతి అతని రింగు ముందే ఉంది. బంతి పట్టుకున్న మనిషి మోకాలికి పట్టీ ఉంది.

"వారీ! మా ఉమేరా!"

ఆమె చుట్టూ ముగ్గురు గోడ కట్టారు. కుంటి కాలి మీదే గిర్రున తిరిగి, బాగున్న కాలితో పైకి లేచి బంతి వదిలింది. బంతి గాలిలో ఉండగానే ఆట ముగిసిన సైరన్ మోగింది.

"పడుతది బిడ్డా, పడుతది!"

అంచు తాకకుండా పడింది.

హన్మాండ్లు కుర్చీ ఎక్కి, మెడలోని తువ్వాలు గిరగిరా తిప్పుతూ ఈల వేశాడు. ఆ ఈల సముద్రంలోని ఓడలకు కూడా వినిపించి ఉంటుంది. కింద ఆమె జట్టు ఆమెను భుజాలకెత్తుకుని కప్పు చేతికిచ్చింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

చుట్టుపక్కల మాత్రం ఒక్క చప్పట్ల శబ్దం లేదు. వరస మొత్తం అతన్నే చూస్తోంది.

ఫారూఖ్ అతని మోచెయ్యి పట్టి మెల్లగా కుర్చీ దించాడు.

"జర ఊకో భాయ్, గామె మన జట్టు గాదు, తబూక్ కెప్టెన్."