రెండు నుంచి నాలుగు దాకా

ధడ్. ధడ్. ధడ్.

సోలికా ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. గోడ గడియారంలో రెండున్నర. సరిగ్గా నెత్తి మీద, ఒకటో అంతస్తులో, ఎవరో నేలను బద్దలు కొడుతున్నట్టుంది.

"వీడి చేతులు పడిపోను!"

ఇజ్రాయెల్లోని హైఫాలో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కునుకు తీసేవాళ్ల జోలికి ఎవరూ పోరు. ఈ బిల్డింగులోనైతే ఆ సంగతి పెద్దక్షరాలతో రాయించి, వీధి గుమ్మం పక్కన మేకు కొట్టి తగిలించింది సోలికా మొగుడే. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇన్నాళ్లూ ఆ బోర్డును ఎవరూ కాదనలేదు.

అష్దోద్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేసింది.

"ఓస్నత్, వింటున్నావా ఈ చప్పుడు?"

"వింటున్నానమ్మా. నాతో చెప్తే ఆగుతుందా? వెళ్లి వాళ్లనే అడుగు."

"ఈ కాలితోనా?"

"అయితే భరించు."

భరించు! ఆ ఒక్క మాటకి సోలికాకి అరికాలి మంట నెత్తికెక్కింది. తుంటి ఎముకకి ఆపరేషనై మూడు నెలలు. మంచం నుంచి కిటికీ దగ్గర కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి, అంతే ఆమె తిరుగుడు. వ్యాయామం చేయిస్తానని వచ్చిన పిల్లని రెండో రోజే, "నన్ను మళ్లీ పడేసి చంపుతావా?" అని గుమ్మంలోంచే పంపేసింది. లిఫ్టు లేని బిల్డింగు. కర్ర ఒక చేత్తో, మెట్ల పక్క కడ్డీ ఇంకో చేత్తో పట్టుకుని, మెట్టుకో తిట్టు చొప్పున ఎక్కింది.

తలుపు తీసినవాడు నదీమ్. మందుల షాపులో పని. చేతిలో బారెడు రోకలి.

"ఇదేం పోయేకాలంరా నీకు? బోర్డు కనపడలేదా?"

"కిబ్బె ఉండల కోసం మాంసం దంచుతున్నా పిన్నీ. మిషన్లో వేస్తే మా అమ్మ ముట్టదు."

"మీ అమ్మ నజరేతులో ఉందిగా!"

"అక్కణ్ణుంచే కనిపెట్టేస్తుంది పిన్నీ. లోపలికి రండి, కాఫీ తాగుదురు."

"నీ కాఫీ నువ్వే తాగి నువ్వే చావు!"

మర్నాడూ అదే వేళకి అదే దంపుడు. ఆ పై రోజూ అంతే. శనివారం ఒక్కరోజు, యూదుల విశ్రాంతి దినమని, వదిలేవాడు. ఆమె వెళ్లి అరిచిన క్షణాన రోకలి ఆగేది. పదిరోజులకి నదీమ్ చెవులు పట్టుకుని, ఇక దంచనని ఒట్టేశాడు. గెలిచాననుకుని ఆ రాత్రి సోలికా రెండు గ్లాసుల పుదీనా టీ తాగింది.

మర్నాడు రెండున్నరకి రెండో అంతస్తులో డ్రమ్ములు మొదలయ్యాయి.

అక్కడుండేది ఇన్‌బార్, యూనివర్సిటీలో చదివే పిల్ల. తలుపు బార్లా తీసిపెట్టి పాటలు పెట్టింది. మెట్ల దారంతా దడదడలాడుతోంది.

"ఏమే పిల్లా, చెవుడా నీకు?"

"పరీక్షలాంటీ. పాట లేకపోతే ఒక్క ముక్క బుర్రకెక్కదు."

"బుర్రుంటేగా ఎక్కడానికి! ఆపు!"

ఇన్‌బార్ ఆపింది. ఆపి, నవ్వింది. "నాకు మతిమరుపు ఆంటీ. రేపు కూడా వచ్చి ఓసారి గుర్తుచెయ్యండి."

ఎంత పొగరు! సోలికాకి ఆ రాత్రి అన్నం సహించలేదు. రెండు వారాలు రోజూ వెళ్లి గుర్తుచేసింది. వీళ్ల ముందు రోగిష్టిదానిలా నిలబడకూడదని రెండింటికే తలగుడ్డ బిగించి, పెదాలకి రంగేసుకుని, కుర్చీ అంచున కాచుకుని కూర్చునేది.

చివరికి ఆ పిల్లా సద్దుమణిగింది. మర్నాడు మూడో అంతస్తులోంచి బూరా మోగింది.

అక్కడుండేది ఫీమా. ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరైన రష్యా మనిషి. ఇరవై ఏళ్లలో "నమస్కారం మేడమ్" తప్ప రెండో మాట ఎరగడు. అలాంటివాడు కూడానా!

అప్పుడు సోలికాకి కోపంతో పాటు ఏడుపూ వచ్చింది. మొగుడు బతికుంటే వీళ్లకి ఇంత ధైర్యం ఉండేదా? ఒంటరి ముసల్ది, మూల కూర్చున్నది, ఇది చేసేదేముందిలే అనేగా! ఇవాళ అటో ఇటో తేలిపోవాలి. వంటింట్లోంచి ఇత్తడి గిన్నె ఒక చేత్తో, గరిటె ఇంకో చేత్తో తీసుకుంది. కర్ర పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. గిన్నెని ఠంగుఠంగుమని బాదుతూ మెట్లెక్కింది.

నదీమ్, ఇన్‌బార్ తలుపులు తీసుకుని బయటికొచ్చి నిలబడ్డారు.

"ఏంట్రా, సినిమానా? మీ పనీ చెప్తా, అక్కడే ఉండండి!"

మూడో అంతస్తు. బూరా ఆగింది. తలుపు తీసిన ఫీమా ముఖం కందగడ్డలా ఎర్రబడి ఉంది.

"మేడమ్ సోలికా! ఇరవై ఏళ్లకి మా గుమ్మం తొక్కారు."

"తొక్కించావు! మా ఆయన పెట్టిన బోర్డయ్యా అది! ఆయన పోయాడు, నేను పోలేదు. మీ అందరి లెక్కలో నేనూ చచ్చినదాన్నేనా? చెప్పు!"

ఫీమా తల దించుకున్నాడు. "లేదు మేడమ్. తప్పయింది."

"తప్పయిందంటే సరిపోదు! రేపు ఇంకొక్కసారి ఊదావంటే, ఈ గిన్నె నీ నెత్తిన బోర్లిస్తా!"

"అలాగే మేడమ్."

తలుపు మూసుకుంది. సోలికా గోడకి ఆనుకుని ఆయాసం తీర్చుకుంది. గుండె దడదడలాడుతోంది, ఒళ్లంతా చెమట. ఇంకో నాలుగు మాటలు అడగాల్సింది, ఊరికే వదిలేశాననిపించి మళ్లీ తలుపు కొట్టడానికి గరిటె ఎత్తింది.

లోపల ఫీమా ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"ఓస్నత్, మీ అమ్మ మూడో అంతస్తూ ఎక్కేసిందమ్మా, రేపటి నుంచి డాబా మీద మొదలుపెడతాం."