ఉక్కుపిండాలు

గుడ్డలు కోసే మిషన్లో టైలరు కుడిచేతి బొటనవేలు పోయి ఆరు నెలలైంది.

రేపు పొద్దున్నే ఆపరేషను. కాలి వేలొకటి తీసి చేతికి కుడతారట.

"అదీ దక్కకపోతే ఈ జన్మకిక కత్తెర పట్టినట్టే," అన్నాడు వార్డు బయట బెంచీ మీద.

"చాల్లెండి, అపశకునం మాటలూ మీరూను," అని కసిరింది భార్య.

అంతలో ఒకాయన వచ్చి పక్కన కూలబడ్డాడు. నలిగిన చొక్కా, జేబు మీద ఇంకు మరక, అరిగిన చెప్పులు.

"పిల్లలెంతమందమ్మా?"

"ఒక్కతే అమ్మాయండీ. డిగ్రీ అయింది."

"మీవారి తోబుట్టువులంతా కులాసాయేనా?"

ఆవిడకి ఠక్కున వెలిగింది. పిల్లనడిగి, వెంటనే వంశం ఆరా తీస్తున్నాడంటే ఇంకెవరు? పెళ్ళిళ్ళ పేరయ్యే! సంబంధం ఆస్పత్రి దాకా నడిచొచ్చింది!

"ఎవరికైనా ఉన్నట్టుండి కాలు వాయడం, కడుపు నిలవకపోవడం..."

"మా అన్నయ్యకి కాలు..." అని టైలరు నోరు తెరిచాడో లేదో, ఆవిడ తొడపాశం పెట్టింది.

"కాలు జారిందండీ, బురదలో! వీళ్ళింట్లో అందరూ ఉక్కుపిండాలే. తుమ్మడం కూడా చేతకాదు."

"మంచిదమ్మా," అని ఆయన లేచి వెళ్ళిపోయాడు.

"మీ అన్నయ్య సంగతి తెలిస్తే పిల్లనెవరు చేసుకుంటారు?" అని మొగుడికి నాలుగు చీవాట్లు పెట్టి, కూతురికి ఫోన్ చేసింది. "రేపు తల నున్నగా దువ్వుకు రావే!"

పొద్దున్న స్ట్రెచరు థియేటరు గుమ్మం చేరినా ఆయన జాడ లేదు. ఆవిడ ఉండబట్టలేక నర్సునడిగింది.

"సిస్టర్, నిన్న ఇంకు మరక చొక్కాయన వచ్చాడే... సంబంధం గురించి ఏమైనా అన్నాడా?"

"సంబంధమేంటమ్మా? ఆయన రక్తం డాక్టరుగారు! కోటు వేసుకుని అడిగితే ఎవరూ నిజం చెప్పరని విప్పేసి వస్తారు. మీ ఇంట్లో రక్తం గడ్డకట్టే జబ్బు లేదని మీరే చెప్పారటగా? ఉంటే, కుట్టిన సన్నటి రక్తనాళం కాస్తా పూడిపోయి ఆ వేలు నల్లబడిపోతుంది. లేదన్నారు గనకే ఇవాళ ఆపరేషనుకి సరేనన్నారు."

ఆవిడ ఒక్క ఉదుటున స్ట్రెచరుకి అడ్డంపడింది.

"ఆపండి! మా బావగారు కాలు వాచే పోయారు! ఆడపడుచుకి మూడు కడుపులూ నిలవలేదు! ఈయనకీ మొన్న బస్సు దిగేసరికి పిక్క బండలా అయిపోయింది!"

తల నున్నగా దువ్వుకొచ్చిన కూతురు బిత్తరపోయి చూసింది.

"ఇది వంశంలో వచ్చేదమ్మా. అమ్మాయిక్కూడా పరీక్ష చేయించాలి," అంటూ నర్సు స్ట్రెచరుని వెనక్కి తిప్పింది.

"నిన్న నేను చెప్పబోయిందీ అదేగా," అన్నాడు టైలరు, ఎడమచేత్తో తొడ రుద్దుకుంటూ.